సాగర్ ఆయకట్టు పట్టణాల్లో షాపింగ్ సెంటర్లు: కట్టడం, నిలబెట్టడం

చుట్టుపక్కల ఇరవై ముప్పై కిలోమీటర్ల ఊళ్ల జనం ఒక్క రాకపోకలో తమ అవసరాలన్నీ తీర్చుకోగలిగేలా, ఒకే కప్పు కింద గానీ ఒకే వీధి పొడవునా గానీ చేరిన దుకాణాల సముదాయమే స్థానిక షాపింగ్ సెంటర్. దానికి అద్దాల గోడలు, ఎస్కలేటర్లు ఉండి తీరాలన్న నియమం లేదు. మున్సిపాలిటీ కట్టిన పది మడిగెల వరుస ఆ కోవలోకే వస్తుంది, బస్టాండు ఎదుటి మూడంతస్తుల కాంప్లెక్సూ అంతే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో ఇలాంటివి అన్ని రకాలవీ కనిపిస్తాయి. కొన్ని పొద్దున్నుంచి రాత్రి దాకా కిటకిటలాడుతుంటే, కొన్నింటిలో మొదటి అంతస్తు షట్టర్లు ఏళ్ల తరబడి తెరుచుకోవు. ఈ తేడా కట్టడం అందచందాల వల్ల వచ్చింది కాదు. ఎవరు, ఎప్పుడు, ఏ దారిన, చేతిలో ఎంత డబ్బుతో వస్తారన్న లెక్క కట్టకముందే వేసుకున్నారా లేదా అన్నదాన్ని బట్టి వచ్చింది.

ఈ మూడు పట్టణాల లెక్క సాగర్ నీళ్లతో మొదలవుతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జున సాగర్ నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు. దాని కింద తెలంగాణలో ఆరు లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. మెట్ట పంటలతో నెట్టుకొచ్చిన పల్లెలు వరి పల్లెలయ్యాయి. వడ్లు మిర్యాలగూడకు రైస్ మిల్లులను తెచ్చాయి, మిల్లులు లారీలను, హమాలీలను, బ్యాంకులను, హోటళ్లను తెచ్చాయి. సూర్యాపేట హైదరాబాద్, విజయవాడ రహదారి మీద ఉండి, ఖమ్మం, జనగామ దారులు కలిసే చోటుగా పెరిగింది. అదే రహదారి మీద ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న కోదాడ రెండు రాష్ట్రాల గిరాకీ చూసింది. 2011 జనాభా లెక్కల నాటికి సూర్యాపేట, మిర్యాలగూడ లక్ష దాటాయి, కోదాడ అరవై వేలు దాటింది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా కేంద్రమైంది. కలెక్టరేటుకు, కోర్టుకు, ఆసుపత్రికి వచ్చినవాళ్లు పని ముగించుకుని బజారు చూసుకుని వెళ్లడం అలవాటయ్యింది.

ఆయకట్టు బజారుకు పంటతో ఉన్న ముడిని పట్టించుకోని వ్యాపార ప్రణాళిక ఇక్కడ నిలవదు. వానకాలం వరి కోత చాలావరకు దసరా దాటాకే ఊపందుకుంటుంది. అంటే దసరా బట్టలు కొనేనాటికి చాలా ఇళ్లలో ఇంకా వడ్ల డబ్బు చేతికి రాదు. అప్పుడు జరిగే కొనుగోళ్లలో ఉద్దెర పాలు ఎక్కువ. సంక్రాంతి నాటికి నగదు తిరుగుతుంది. యాసంగి పంట అమ్మాక, ఎండాకాలం పెండ్లిళ్లతో బంగారం, పట్టుచీరలు, స్టీలు సామాను, ఫ్రిజ్‌లు, కూలర్ల బేరాలు సాగుతాయి. కాలువ రాని ఏడు ఇదంతా తలకిందులవుతుంది. 2023-24 యాసంగిలో సాగర్‌లో నీళ్లు లేక ఎడమ కాలువ కింద వరికి నీరు ఇవ్వలేకపోయారు. అలాంటి ఏడు పొలంలో జరిగిన నష్టం కొద్ది నెలలకే బట్టల కొట్టు గల్లాపెట్టెలో కనబడుతుంది. అందుకే ఈ ప్రాంతంలో దుకాణాల అద్దెలు, అడ్వాన్సులు నిర్ణయించేవాళ్లు మంచి ఏటి గిరాకీని కొలమానంగా పెట్టుకోకూడదు. రెండు పంటలు పండిన ఏడాదిని చూసి అద్దె కడతానని ఒప్పుకున్న చిన్న వ్యాపారి ఒక్క పంట పోగానే షట్టర్ దించేస్తాడు. ఒక షట్టర్ మూతపడితే పక్క దుకాణానికీ జనం తగ్గుతారు.

రెండో లెక్క దూరానిది. రెండు పట్టణాల నడుమ ఉన్న పల్లె ఎటు వెళ్లి కొంటుందన్నదానికి 1931లో విలియం రైలీ అనే అమెరికన్ ఒక సూత్రం చెప్పాడు. పట్టణం పెద్దదయ్యేకొద్దీ దాని లాగుడు పెరుగుతుంది, దూరం పెరిగేకొద్దీ ఆ దూరం వర్గానికి తగినట్టు తగ్గుతుంది. సూర్యాపేట, కోదాడల మధ్య దాదాపు నలభై అయిదు కిలోమీటర్లు. 2011 జనాభాను బట్టి లెక్కిస్తే రెండింటి పట్టు సరిసమానమయ్యే గీత కోదాడ నుంచి సుమారు ఇరవై కిలోమీటర్ల దగ్గర, మునగాల దాటాక పడుతుంది. గీతకు ఇవతలి పల్లెలు కోదాడవి, అవతలివి సూర్యాపేటవి అన్నమాట. సూత్రం సూత్రమే, మనుషులు మనుషులే. చదువుకునే పిల్లలు ఏ ఊళ్లో ఉన్నారు, నమ్మకమైన డాక్టరు ఎక్కడున్నాడు, ఏ సేటు ఉద్దెర ఇస్తాడు అన్నవి కూడా దారిని మారుస్తాయి. అయినా ఎంత విస్తీర్ణానికి దుకాణాలు కట్టాలో తేల్చుకోవడానికి ఇలాంటి అంచనా మంచి మొదలు. కోదాడకు ఒకవైపు ఖమ్మం, మరోవైపు విజయవాడ ఉన్నాయి. పెండ్లి పట్టుచీరల కోసం బెజవాడ బస్సెక్కే కుటుంబాన్ని కోదాడ సెంటర్ ఆపలేకపోవచ్చు. పిల్లల యూనిఫాం, చెప్పులు, మిక్సీ మరమ్మతు, మందులు, నెలవారీ కిరాణం కోసం ఆ కుటుంబం కోదాడ దాటి వెళ్లాల్సిన పని ఉండకూడదు. చిన్న పట్టణపు షాపింగ్ సెంటర్ గెలవగలిగింది ఈ రోజువారీ గిరాకీలోనే.

దూరం లెక్కను ఈ మధ్య బస్సు చార్జీ కూడా మార్చింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. ఇంటి కొనుగోళ్లలో ఎక్కువ భాగం నిర్ణయించేది ఆడవాళ్లే కాబట్టి, వాళ్లు బస్సు దిగే చోటుకే బజారు జరిగింది. బస్టాండు నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న మడిగెకూ, బైపాస్ పక్కన కారు ఉన్నవాళ్ల కోసం కట్టిన మడిగెకూ ఇప్పుడు విలువలో తేడా మరింత పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో అలాంటి పథకమే మొదలైంది. రెండు పథకాలూ ఆయా రాష్ట్రాల మహిళలకే గనుక సరిహద్దు పల్లెల్లో కొనుగోళ్ల దారి రాష్ట్రాన్ని బట్టి చీలే అవకాశం ఉంది. కోదాడ వ్యాపారులు గమనించుకోవలసిన మార్పు ఇది.

పట్టణాల్లో ప్రభుత్వం తరఫున జరిగే పెద్ద ప్రయత్నం సమీకృత మార్కెట్లు. కూరగాయలు, మాంసం, చేపలు, పండ్లు, పూలు ఒకే ఆవరణలో అమ్మేలా తెలంగాణ పట్టణాల్లో వీటిని కట్టారు. సూర్యాపేటలో ఇలాంటి మార్కెట్‌ను 2023 ఆగస్టు 20న ప్రారంభించారు. ఆలోచన మంచిది. రోడ్డు మీద దుమ్ములో, ఈగల మధ్య అమ్మే కూరగాయలకు కప్పు, నీళ్లు, మురుగు కాలువ దొరకడం చిన్న విషయం కాదు. ఇంతకుముందు 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతుబజార్లు ఇదే కోవలో ఒక పాఠం నేర్పాయి. ఇళ్ల మధ్యన ఉండి, రైతు నేరుగా వచ్చేచోట అవి నిలిచాయి. దళారులు రైతుల పేరుతో చేరినచోట పేరు పోగొట్టుకున్నాయి. కప్పు వేయడం సగం పనే. రేపు పొద్దున ఆ గద్దె మీద ఎవరు కూర్చుంటారో చూసుకోవడం మిగతా సగం.

మున్సిపల్ మడిగెల విషయంలో చిక్కు వేలం పాటతోనే మొదలవుతుంది. ఎక్కువ పాడినవాడికి దుకాణం ఇవ్వడం పైకి న్యాయంగా కనిపిస్తుంది, మున్సిపాలిటీకి ఆదాయమూ వస్తుంది. ఫలితంగా ఒకే వరుసలో ఆరు సెల్‌ఫోన్ దుకాణాలు వచ్చి, మందుల షాపు ఒక్కటీ రాకపోవచ్చు. వేలంలో దక్కించుకున్నవాడే వ్యాపారం చేస్తాడన్న హామీ కూడా లేదు. గుడ్‌విల్ పుచ్చుకుని మరొకరికి అప్పగిస్తే, అసలు వ్యాపారం చేసేవాడు మున్సిపాలిటీకి చెల్లే అద్దెకు ఎన్నో రెట్లు మధ్యవాడికి కడతాడు. మున్సిపాలిటీకి బాకీ, వ్యాపారికి భారం, కొనేవాడికి ధర మిగులుతాయి. ప్రైవేటు సెంటర్ నడిపేవాడు ఇలా చేయడు. ముందు జనాన్ని లాగే ఒక పెద్ద దుకాణాన్ని, సూపర్ మార్కెట్టో బట్టల షోరూమో, తక్కువ అద్దెకైనా తెచ్చి పెడతాడు. దాని చుట్టూ టైలరు, గాజుల కొట్టు, బేకరీ, చెప్పుల కొట్టు ఒకదానికొకటి గిరాకీ ఇచ్చేలా అమరుస్తాడు. బట్టలు కొన్నవాళ్లు ఫాల్ కుట్టించుకోవడానికి బయటికి పోనక్కరలేదు. మున్సిపాలిటీలు కూడా వేలానికి ముందే ఏ గదిలో ఏ వ్యాపారమో వర్గాలుగా నిర్ణయించి, ఆ వర్గం లోపల పాట పెట్టవచ్చు. ఇది ఖర్చులేని సంస్కరణ.

ప్రైవేటు సెంటర్ నుంచి నేర్చుకోవడమంటే మాల్ కట్టుకోవడమని కాదు. అమెరికాలో 1956లో మినసోటా రాష్ట్రంలోని ఎడైనాలో సౌత్‌డేల్ సెంటర్ తెరిచారు. పైకప్పు కింద చల్లగా ఉండే ఆధునిక మాల్ పద్ధతి అక్కడ రూపుదిద్దుకుంది. దాన్ని గీసిన విక్టర్ గ్రూయెన్ దుకాణాలతో పాటు ఇళ్లు, బడి, ఆసుపత్రి, పార్కు అన్నీ కలిసిన ఊరి కూడలిని ఊహించాడు. చివరికి మిగిలింది చుట్టూ కార్ల పార్కింగ్, మధ్యలో దుకాణాల పెట్టె. తన ఆలోచనకు పట్టిన ఆ గతిని ఆయన తర్వాతి కాలంలో తీవ్రంగా తప్పుపట్టాడు. మన పట్టణాల్లో గ్రూయెన్ కోరుకున్న కూడలి ఇప్పటికే ఉంది. బస్టాండు, సినిమా హాలు, గుడి, ఆసుపత్రి, టిఫిన్ సెంటర్, పూలమ్మే అవ్వ, అందరూ నడిచే దూరంలో ఉంటారు. దాన్ని చెదరగొట్టి ఊరవతల పెట్టె కట్టుకోవడం మనకు నష్టమే.

ఆ పూలమ్మే అవ్వను, తోపుడు బండి వాళ్లను ఆటంకంగా చూసే సెంటర్ తన గిరాకీకే చేటు చేసుకుంటుంది. 2014 వీధి విక్రయదారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం నలభై శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు కావాలి. సర్వే చేసి, గుర్తింపు పత్రం ఇచ్చి, విక్రయ ప్రాంతం చూపకుండా ఖాళీ చేయించడానికి చట్టం ఒప్పుకోదు. సెంటర్ ముందు గీత గీసి, నీడ, నీటి కుళాయి, చెత్త తొట్టి ఇచ్చి వాళ్లకు చోటు చూపితే నడక దారి మిగులుతుంది, పది రూపాయల పూలకు వచ్చిన మనిషి లోపలికీ తొంగిచూస్తుంది.

భద్రత విషయంలో మెతకగా మాట్లాడటానికి వీల్లేదు. పార్కింగ్‌కని అనుమతి తీసుకున్న సెల్లార్‌లో గోదాము పెట్టడం మన పట్టణాల్లో పాతుకుపోయిన జబ్బు. బళ్లు రోడ్డెక్కుతాయి, రోడ్డు ఇరుకవుతుంది, ఆ తర్వాత బజారు ఇరుకని జనం రావడం మానేస్తారు. అది చిన్న నష్టం. పెద్ద నష్టం ప్రాణాలది. 2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో చెలరేగిన మంటల్లో ఆరుగురు యువతీయువకులు చనిపోయారు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల కుండపోతకు కోదాడ వీధులు వాగులయ్యాయి, కార్లు కొట్టుకుపోయాయి, నడిగూడెం మండలంలో ఎడమ కాలువకు గండి పడింది. చెరువు అలుగు పారే దారిని మూసి కట్టిన ఏ భవనమైనా మళ్లీ అలాంటి వానకు సిద్ధంగా ఉండాల్సిందే. రెండో మెట్ల దారికి అడ్డంగా అట్టపెట్టెలు పేర్చిన కాంప్లెక్సుకు తాళం వేయడమే సరైన పని. ఇంకో మాట. షోరూముల్లో రోజంతా నిలబడి చీరలు పరిచే ఆడపిల్లలకు కూర్చునే హక్కు కల్పిస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. ఒక కుర్చీ, శుభ్రమైన మరుగుదొడ్డి అడగడానికి చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. పల్లె నుంచి పొద్దున బస్సెక్కి వచ్చిన స్త్రీకి కూడా బజారులో ముందు కావలసింది ఆ మరుగుదొడ్డే.

ఇక ప్రచారం. మన దగ్గర ప్రచారమంటే ఎవరికి వారు చేసుకునేది. ఆటోకు మైకు కట్టడం, కరపత్రాలు పంచడం, సినిమా తారతో రిబ్బన్ కోయించడం, ఆషాఢం డిస్కౌంట్, లక్కీ డ్రాలో స్కూటర్. పెద్ద షోరూముకు ఆ స్థోమత ఉంటుంది. పది అడుగుల గదిలో గాజులమ్మే మనిషికి ఉండదు. దీనికి మందు ఉమ్మడి ప్రచారం. కెనడాలోని టొరంటో నగరంలో 1960ల్లో బ్లోర్ వీధి కింద మెట్రో రైలు రావడంతో పైన నడిచే జనం తగ్గారు, కొత్త మాల్స్ మరికొందరిని లాక్కున్నాయి. అక్కడి దుకాణదారులు కూడబలుక్కుని, తమ మీద తామే ఒక చిన్న పన్ను వేసుకుని నగరపాలిక ద్వారా వసూలు చేయించుకున్నారు. ఆ డబ్బుతో దీపాలు, బెంచీలు, పూలకుండీలు, పండుగ ఉత్సవాలు పెట్టారు. 1970లో బ్లోర్ వెస్ట్ విలేజ్ పేరుతో మొదలైన ఆ పద్ధతిని తర్వాత ఎన్నో దేశాల నగరాలు అనుసరించాయి. అందరూ కట్టాలన్న నియమమే దాని బలం. చందా ఎగ్గొట్టి పక్కవాడి దీపం వెలుగులో వ్యాపారం చేసుకునే వీలు ఉండదు.

తెలుగు నేల మీదా ఒక ఊరి బజారే ఊరి పేరును మోసిన సందర్భాలున్నాయి. బట్టలకు చీరాల, బంగారానికి ప్రొద్దుటూరు, టోకు వస్త్రాలకు విజయవాడ వస్త్రలత అంటే విడిగా ప్రకటన అవసరం లేదు. ఒకే సరుకు అమ్మే వందల దుకాణాలు పక్కపక్కనే ఉండటం వాటికి ప్రచారం. మిర్యాలగూడకు బియ్యం విషయంలో ఆ పేరు ఉంది. కానీ ఆ పేరు మిల్లు గేటు దగ్గరే ఆగిపోయింది. పట్టణంలోకి వచ్చిన మనిషి రకరకాల సన్న బియ్యం, పాత బియ్యం, అటుకులు, మరమరాలు, తవుడు నూనె ఒకేచోట చూసి, వండిన మెతుకు రుచి చూసి కొనుక్కునే బజారు ఉంటే మిర్యాలగూడ పేరు గిరాకీగా మారుతుంది. సూర్యాపేటకు రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర లక్షల మందిని తెస్తుంది. వర్తక సంఘం ముందే కూర్చుని జాతర రోజులకు ఉమ్మడి పార్కింగ్, తాగునీరు, సామాను దాచే గది ఏర్పాటు చేస్తే, ఆ జనం గుట్ట దగ్గరి నుంచే వెనక్కి తిరగరు.

నాగార్జున సాగర్ సంగతి వేరు. హిల్ కాలనీ, పైలాన్ కాలనీలు డ్యామ్ కట్టినవాళ్ల కోసం వెలిసినవి. పని ముగిసి ఉద్యోగులు తగ్గేకొద్దీ అక్కడి బజారూ చిన్నబోయింది. ఇప్పుడు అక్కడ గిరాకీ అంటే యాత్రికులే. గేట్లు ఎత్తినప్పుడు ఇసుక వేస్తే రాలనంత జనం, మిగతా రోజుల్లో నాగార్జునకొండ లాంచీకి వచ్చేవాళ్లు, 2022 మే 14న ప్రారంభమైన 274 ఎకరాల బుద్ధవనానికి వచ్చేవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది పూటకు వచ్చి పోతారు. పాత నల్లగొండ జిల్లాలోనే పోచంపల్లి, పుట్టపాక చేనేత ఉంది, సాగర్ చుట్టూ తండాల్లో లంబాడీ అద్దాల కుట్టుపని ఉంది, కృష్ణా చేప ఉంది. వీటిని చేసినవాళ్లే అమ్ముకునే ఇరవై ముప్పై చిన్న గదులు, బుద్ధవనం నుంచి నడిచి వెళ్లే దూరంలో, శని ఆదివారాలకు, సెలవులకు తగిన అద్దెతో ఇస్తే చాలు. పెద్ద కాంప్లెక్సు అక్కడ వద్దు, వారంలో అయిదు రోజులు అది ఖాళీగా ఉంటుంది.

మూడు పట్టణాల కౌన్సిళ్లూ, వర్తక సంఘాలూ వచ్చే పంట చేతికి రాకముందే ఒక పని మొదలుపెట్టాలి. బస్టాండు దగ్గర, అంగడి రోజున, కోతల తర్వాత, మూడు వేర్వేరు సందర్భాల్లో బజారుకు వచ్చేవాళ్లను ఎక్కడి నుంచి వచ్చారో, ఏం కొన్నారో, ఏం దొరక్క వెనక్కి పోతున్నారో అడిగి రాసుకోవాలి. ఆ కాగితాలతో పాటు, ఇప్పటికే కట్టి మూతపడి ఉన్న ప్రతి మున్సిపల్ షట్టర్ జాబితాను పౌరుల ముందు పెట్టాలి. అంతవరకు మరో కొత్త కాంప్లెక్సుకు శంకుస్థాపన చేయకూడదు.