రెండు కార్లు, రెండు గుడ్లు

తెనాలి నుంచి రేపల్లెకు రోడ్డు మీద సుమారు 35 కిలోమీటర్లు. దారి పొడవునా కాలువలు, వరిచేలు, మలుపులు, ధాన్యం బస్తాల ట్రాక్టర్లు. ఈ దారిన రెండు కార్లు బయలుదేరుతున్నాయని ఊహించండి. మీరు దేనిలో ఎక్కుతారు?

మొదటిది 1961లో తయారీ మొదలైన వోల్వో పి1800. రెండే తలుపులు, వెనక్కి వాలిన కప్పు, చూడముచ్చటైన స్పోర్ట్స్ కూపే. రెండవది 1993లో వచ్చిన వోల్వో 850 స్టేషన్ వేగన్. దీని కప్పు చివరిదాకా తిన్నగా సాగుతుంది. ఇంటిల్లిపాదీ సామానుతో సహా ఎక్కి, బాపట్ల దాటి సూర్యలంక సముద్రతీరానికి వెళ్లడానికి వీలుగా ఉంటుంది. వోల్వో అంటే మీకు దూరప్రయాణాల బస్సు గుర్తుకు వస్తుంది గదా! ఆ రోజుల్లో ఆ బస్సులనూ, ఈ కార్లనూ తయారుచేసింది ఒకే స్వీడన్ సంస్థ.

"కూపేలోనే ఎక్కుతాం" అంటారు మీరు. "పాత కారు ఇనుపముద్ద, కొత్తవి తగిలితే చాలు సొట్టపోతాయి" అని పెద్దలు కూడా వంత పాడవచ్చు. పాత కారు గట్టిదే. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే సైన్సు ఉపాధ్యాయుడు 1966లో కొన్న పి1800 కారును తానే నడుపుతూ, 2013 నాటికి 30 లక్షల మైళ్లు, అంటే 48 లక్షల కిలోమీటర్లకు పైగా, తిప్పాడు!

అయితే ఎక్కువకాలం మన్నడం వేరు, ప్రమాదంలో ప్రాణం కాపాడడం వేరు. ఎలాగో చూద్దాం.

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 16.7 మీటర్లు. ఆ వేగంతో గోడను గుద్దడం, రమారమి 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీద నుంచి, పడటంతో సమానం. కారు ముందుభాగం కేవలం 10 సెంటీమీటర్లు నలిగి ఆగిపోతే, లోపలివారి మీద గురుత్వ త్వరణానికి 142 రెట్ల తాకిడి పడుతుంది. అదే 50 సెంటీమీటర్లు నలిగితే, 28 రెట్లే. అంటే కారు నలగడం దాని బలహీనత కాదు. అది తాను నలిగి మనల్ని నలగకుండా కాపాడుతున్నదన్నమాట!

బేలా బారెని అనే ఇంజనీరు చేసిన ఈ ఆలోచన 1959లో మెర్సిడెస్ బెంజ్ కార్లలో అమలులోకి వచ్చింది. వోల్వో 850 నాటికి అది బాగా ముదిరింది. ముందుభాగం మెత్తగా నలుగుతుంది, మనుషులు కూర్చునే గది మాత్రం గట్టిగా నిలుస్తుంది. 2009లో అమెరికాలో 1959 నాటి షెవ్రోలే కారును, 2009 నాటి షెవ్రోలే కారును ఎదురెదురుగా ఢీకొట్టించి చూశారు. పాత కారులో డ్రైవరు కూర్చునే గదే కుంగిపోయింది. కొత్త కారులో అది నిలిచింది.

ఇంకొక సంగతి. కారు ఆగినా, జడత్వం వల్ల మన శరీరం ఆగదు. బెల్టు లేకపోతే మనం అదే వేగంతో ముందుకు దూసుకుపోతాం. కారు ఎంత నలిగినా ఇక లాభం లేదు. నేటి మూడు బిందువుల సీటుబెల్టును 1959లో రూపొందించింది వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్. ఆ పేటెంటును ఇతర కంపెనీలు కూడా వాడుకోవడానికి వోల్వో అనుమతించింది. వెనుక సీటులో కూర్చున్న మీకు కూడా న్యూటన్ సూత్రం వర్తిస్తుందని మరవకండి!

ఇంట్లో అడిగి రెండు కోడిగుడ్లు తీసుకోండి. ఒక మీటరు ఎత్తు నుంచి ఒకదానిని గచ్చు మీద, రెండవదానిని మందంగా పరచిన వరిగడ్డి మీద వదలండి. ఏది మిగిలింది? గడ్డి చేసిన పని ఏమిటి?

చివరగా ఒక లెక్క. వేగం 60 నుంచి 30 కిలోమీటర్లకు తగ్గితే గతిజశక్తి సగం కాదు, నాలుగో వంతవుతుంది. ఎందుకో మీరే చెప్పండి. ఈసారి కాలువగట్టు మలుపులో మీ నాన్నగారు కారు జోరు తగ్గించినప్పుడు, ఈ లెక్క ఆయనకు వినిపించండి.