దోపిడి ఈగను గుర్తించుట యెట్లు?

వర్షములు వెలిసిన పిదప మన బళ్లారి ప్రాంతపు నల్లరేగడి చేలగట్లపై ఎండలో పుల్లచివర కదలక కూర్చుండు నొక బూడిదవన్నె కీటకమును విద్యార్థులు చూచియే యుందురు. అది యకస్మాత్తుగా నెగిరి, గాలిలోనే తేనెటీగనో మరియొక పురుగునో పట్టుకొని, తరచుగా నా పుల్లమీదికే వచ్చి వ్రాలును. కొందరు దీనిని కందిరీగ యందురు. కొందరు తూనీగ యందురు. నిజమునకిది ఈగయే. ఆంగ్లమున దీనికి రాబర్ ఫ్లై యని పేరు. మనము దోపిడి ఈగ యనవచ్చును. దీని కుటుంబము అసిలిడే. ప్రపంచమున నీ కుటుంబమున 7,000కు పైగా జాతులు కలవు.

మొదట రెక్కలను లెక్కింపవలెను. కందిరీగకును, తూనీగకును రెండు జతలుండును. ఈగకు ఒక్క జతయే. తరువాత తలను ఎదుటినుండి చూడవలెను. పెద్దకన్నులు రెండును పైకుబికియుండ, వాని నడుమ నడినెత్తి పల్లముగా నుండును. ఇది ముఖ్యమైన గుర్తు. ముఖముపై మీసమువంటి గట్టి వెండ్రుకల కుచ్చు, దాని క్రింద బలమైన తొండము కనబడును. ఈ తొండమును ఎరలో గ్రుచ్చి, విషముతో కూడిన లాలాజలము నెక్కించి, లోపలి కండలు కరగిన పిదప పీల్చును.

వేషములు చూచి మోసపోరాదు. దక్షిణభారతమున కనబడు హైపరెకియా అనునది నల్లని రోమములతో అచ్చముగా తుమ్మెదవలె నుండును. లెప్టోగాస్టరు సన్నని పొడవైన దేహముతో చిన్న తూనీగను తలపించును. ఒమాటియసు మీసముల కొనలు ఈకలవలె నుండును. రెక్కలోని ఈనెల నడుమ నొకచోట సాధారణముగ రెండు గళ్లుండగా ప్రోమాకసునకు మూడుండును.

ఇవి యన్నియు ప్రజాతుల పేర్లు మాత్రమే. జాతిని నిర్ణయించుటకు తరచుగా మగ ఈగ పొట్టచివరి నిర్మాణమును సూక్ష్మదర్శినితో పరీక్షింపవలసి యుండును. ఛాయాచిత్రమును చూచి తొందరపడి పూర్తిపేరు వ్రాయుటకంటె అసిలిడే యని వ్రాసి యాగుటయే మేలని నా యభిప్రాయము. ఇంట ఈగ యనుచు, వీథిలో కన్నడమున నొణ యనుచు పెరుగు మన పిల్లలకు శాస్త్రనామపు విలువ వేరుగ చెప్పనక్కరలేదు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు మన జిల్లానుండి విడివడి ఆంధ్రమున చేరినవి. స్వీడన్ దేశీయుడగు లినీయసు 1758లో పెట్టిన అసిలస్ అను పేరు సరిహద్దున కిరుప్రక్కల నొక్కటియే. తప్పుగా వ్రాసిన పేరును అట్లే ఇరుప్రక్కలకు ప్రాకును.

తల్లిదండ్రులకొక మాట. ఇది తనంతట మనుష్యులపై బడదు. పిడికిట బట్టినచో మాత్రము నొప్పి పుట్టునట్లు పొడుచును. తేనెటీగలను గూడ తినును గావున రైతుకు కేవలము మిత్రమనజాలము. అయినను దీని పిల్లపురుగులు నేలలోను, కుళ్లిన కొయ్యలోను ఇతర కీటకముల పిల్లలను తినుచుండును. పత్తికిని, మిరపకును చల్లు పురుగుమందు దీనిని విడిచిపెట్టదు.

పరిశీలించువారు తేది, వేళ, స్థలము వ్రాయవలెను. అది కూర్చున్నది నేలయా, పుల్లయా, చెట్టుబోదెయా యనియు, పట్టిన ఎర యేదనియు వ్రాయవలెను. ఛాయాచిత్రములు ముఖమునకొకటి, ప్రక్కనుండి యొకటి, రెక్కలు కనబడునట్లు పైనుండి యొకటి యుండవలెను. ఎరను పీల్చుచున్నపుడది త్వరగా నెగిరిపోదు. మెల్లగా, మన నీడ దానిపై బడకుండ సమీపించుట కదియే మంచి సమయము.