బల్ల అడుగున చదరంగం

వరంగల్‌లో 2003లో పుట్టిన ఎరిగైసి అర్జున్ 2024 బుడాపెస్ట్ చదరంగ ఒలింపియాడ్‌లో మూడో బోర్డు మీద వ్యక్తిగత స్వర్ణం సాధించారు. ఆ స్థాయి పోటీలలో ఎత్తులను ఎవరో చూసి ఎక్కించనక్కర లేకుండా పలకే పసిగట్టి తెరలకు పంపుతుంది. అక్కడి పావుల అడుగున ఉండే తీగచుట్ట, కెపాసిటర్ ఒక్కో రకం పావుకు ఒక్కో పౌనఃపున్యంలో స్పందిస్తాయి కనుక, గడిలో ఉన్నది గుర్రమో బంటో నేరుగానే తెలిసిపోతుంది.

ఇంజనీరింగ్ విద్యార్థి ప్రాజెక్టుకు అంత హంగు అవసరం లేదు. పావు అడుగున చిన్న అయస్కాంతం, గడి కింద రీడ్ స్విచ్, అంటే గాజుగొట్టంలో ఎదురెదురుగా ఉండి అయస్కాంతం దగ్గరికి రాగానే కలిసిపోయే రెండు సన్నని లోహపు రేకులు, ఉంటే చాలు. ఈ స్విచ్‌లను చదివేది మైక్రోకంట్రోలర్. ప్రాసెసర్, మెమరీ, బయటి తీగలను కలిపే కాళ్లు అన్నీ ఒకే చిప్‌లో ఇమిడిన బుల్లి కంప్యూటర్ అది. అయితే విద్యార్థులు ఎక్కువగా వాడే ఏటీమెగా 328లో వాడుకోదగ్గ కాళ్లు ఇరవై దాకానే ఉండగా, చదవవలసిన గళ్లు 64.

2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీలను నేసే కొత్తవాడ మగ్గాల మీద పడుగు, పేక ఒకదానినొకటి దాటినట్లే, ఇక్కడ ఎనిమిది అడ్డతీగలు, ఎనిమిది నిలువుతీగలు ఒకదానినొకటి దాటుతాయి. దాటిన ప్రతి చోటా ఒక స్విచ్ ఉంటుంది. చిప్ ఒక్కో అడ్డతీగను వంతులవారీగా మేల్కొలిపి నిలువుతీగలను చదువుతుంది. అడ్డతీగల పని షిఫ్ట్ రిజిస్టర్ అనే మరో చిప్‌కు అప్పగిస్తే, అది మూడు కాళ్లతోనే ఎనిమిదింటినీ నడుపుతుంది కనుక మొత్తం పదకొండు కాళ్లతో సరిపోతుంది. ఒక దీర్ఘచతురస్రపు మూడు మూలల్లో పావులుంటే కరెంటు వాటి మీదుగా చుట్టుతిరిగి, ఖాళీగా ఉన్న నాలుగో మూల కూడా నిండినట్టు చూపిస్తుంది. అందుకే ప్రతి స్విచ్‌కూ కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్‌ను జతచేయాలి. డబ్బు మిగులుతుందని దీన్ని వదిలేస్తే పలక, అక్కడ లేని పావులను చూస్తూనే ఉంటుంది.

అసలు చిక్కు తీగలలో కాదు, మనిషి చేతిలో ఉంది. ఆటగాడు పావును సర్దుతాడు, నాలుగు గళ్ల మీదుగా జరుపుతాడు, చంపిన పావును ముందు తీస్తాడో తన పావును ముందు ఎత్తుతాడో చెప్పలేం. స్విచ్ కూడా కలిసేటప్పుడు కొన్ని మిల్లీసెకన్లపాటు ఎగిరెగిరి పడుతుంది కాబట్టి, అది నిలకడకు వచ్చేదాకా చిప్ ఆగాలి. ఎత్తు పూర్తయిందని చెప్పే మీట ఒకటి ఉంటే, ఆ క్షణపు పలకను నియమాలు ఒప్పుకునే ఎత్తులతో పోల్చి చూడవచ్చు. అదీ చాలదు: మంత్రి చంపగలిగిన పావులు రెండుంటే, దేన్ని చంపినా చివరికి ఖాళీ అయ్యేది మంత్రి లేచిన గడి ఒక్కటే. మధ్యలో ఏ గడి కాసేపు ఖాళీ అయిందో చిప్ గుర్తుపెట్టుకుంటేనే ఆ తేడా తెలుస్తుంది.

ఈ కోణంలో చూస్తే మన పులి-మేక ఆట సర్క్యూట్‌కు ఎంతో అనుకూలం. మూడు పులులు, పదిహేను మేకలు తిరిగే 23 కూడళ్లు త్రికోణపు గీతల మీద ఉన్నా, అడుగున తీగలను ఐదైదుల వరుసల్లోనే కలపవచ్చు. మిగిలే రెండు స్థానాలు మీటలకు పనికివస్తాయి. పులి మేకను దాటి ఖాళీ కూడలిలోకే దూకుతుంది గనుక ఖాళీ అయిన రెండు చోట్లు, నిండిన ఒక చోటు చాలు, ఏ పులి ఏ మేకను తిన్నదో చెప్పడానికి.