టూల్ మారితే దారి మళ్ల లెక్కగట్టాలె

మిర్యాలగూడ రైస్‌మిల్లుల షాఫ్ట్ అరిగితే, లేత్ మీద మిస్త్రీ కండ్లతోని చూసుకుంట సరిజేస్తడు. సీఎన్‌సీకి కండ్లు లేవు. దానికి తెలిసింది మనమిచ్చిన అంకెలే. సూర్యాపేట, కోదాడ దిక్కుల ఐటీఐ చేసి, హైదరాబాద్‌ల బాలానగర్, చర్లపల్లి షాపులకు పోయే తమ్ముళ్లకు నేను చెప్పేది గిదే.

మిల్లింగ్ మిషన్‌ల టూల్ 10 మిల్లీమీటర్లు పొడుగైంది, ఆఫ్‌సెట్ పాతదే ఉన్నదనుకో. జీ43 పాత లెక్కతోనే నడిచి, టూల్‌ను 10 మిల్లీమీటర్లు ఎక్కువ లోతుకు దింపుతది. ఆఫ్‌సెట్ మారిస్తే పని అయిపోయిందని చానమంది అనుకుంటరు. ఆఫ్‌సెట్‌కు టూల్ కొన ఎక్కడున్నదో తెలుస్తది గని, హోల్డర్ ఎంత లావున్నదో తెల్వది. టూల్ పొట్టిగైతే, లోతు గుంతల హోల్డర్ పోయి గోడకు తగుల్తది. హోల్డర్ బయటికున్న పొడుగు రెండింతలైతే, అదే బలానికి టూల్ వంగుడు ఎనిమిదింతలైతది. అప్పుడు ఫీడ్ తగ్గియ్యాలె.

గందుకే క్యామ్ సాఫ్ట్‌వేర్‌ల టూల్, హోల్డర్ కొత్త కొలతలు రెండూ పెట్టి, టూల్‌పాత్ మళ్ల లెక్కగట్టి, సిమ్యులేషన్‌ల చూడాలె. మొదటి పీసును రాపిడ్ తగ్గించి, సింగిల్ బ్లాక్‌ల నడపాలె. ‘టైం లేదు, నడిపియ్’ అని ఎవరన్నా తొందరవెడితే, లెక్కకు టైం అడుగుండ్రి. స్పిండిల్ గుద్దుకుంటే ముందుగాల అడిగేది బటన్ నొక్కినోన్నే.