వీడియో పెడితే కంప్యూటర్ ఎందుకు మొరాయిస్తుంది?

నేడు అనేక మధ్యతరగతి కుటుంబాలలో పిల్లల పాఠాలు, పెద్దలు వినే ప్రసంగాలు అన్నీ ఒకే పాత కంప్యూటర్ మీద సాగుతున్నాయి. వీడియో కొంతసేపు నడిచేసరికి బొమ్మ ఆగిపోతుంది, మౌస్ కదలదు. వెంటనే కొత్త కంప్యూటర్ కొనాలన్న ఆలోచన వస్తుంది. ఎన్నో నెలల పొదుపును వెచ్చించే ముందు లోపం ఎక్కడుందో పరీక్షించి చూడటం వివేకవంతుల లక్షణం. అందుకు గంట సమయం చాలు.

మెమరీ ఎందుకు నిండుతుంది?

హార్డ్ డిస్క్ పుస్తకాల బీరువా వంటిదైతే, మెమరీ (ర్యామ్) మన ముందున్న చదువు బల్ల వంటిది. బల్ల నిండినప్పుడు కంప్యూటర్ కొన్నింటిని బీరువాలోకి చేర్చి, అవసరమైనప్పుడు తిరిగి తెచ్చుకుంటుంది. ఈ రాకపోకల వల్లనే పని మందగిస్తుంది.

వీడియో కుదించిన రూపంలో మనకు చేరుతుంది. తెరపై చూపాలంటే ప్రతి చిత్రాన్నీ విప్పాలి. 1080పి వీడియోలో ఒక్కో చిత్రానికి దాదాపు 20 లక్షల 70 వేల చుక్కలుంటాయి. చుక్కకు 4 బైట్ల చొప్పున లెక్కిస్తే ఒక్క చిత్రానికే సుమారు 8 మెగాబైట్లు అవుతుంది. ఇలాంటి చిత్రాలు కొన్నింటిని ప్లేయర్ ముందుగానే సిద్ధపరచుకుంటుంది. 4కె వీడియోకు ఇది నాలుగింతలు, 480పికి ఐదో వంతు మాత్రమే.

పరీక్షించే విధానం

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. వీడియో పెట్టకముందు, పెట్టిన పది నిమిషాలకు, అరగంటకు, మూసివేసిన తరువాత మెమరీ అంకెలను కాగితం మీద వ్రాసుకోండి. వాడకం కొంత పెరిగి ఒకచోట నిలిస్తే అది సహజం. ఆగకుండా పెరుగుతూ, వీడియో ట్యాబ్ మూసినా తగ్గకపోతే ఏదో ఒక ప్రోగ్రామ్‌లో లోపం ఉండవచ్చు. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత మెమరీ తీసుకుంటున్నదో విడివిడిగా కనిపిస్తుంది.

తరువాత ఒక్కొక్క మార్పే చేయండి. మొదట వీడియో నాణ్యతను 480పికి తగ్గించండి. పిదప అనవసరమైన ట్యాబ్‌లు మూయండి, ఎక్స్‌టెన్షన్లను ఆపండి. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ ఆక్సిలరేషన్ ఆపి ఉంటే ఆన్ చేయండి, ఆన్‌లో ఉంటే ఆపి చూడండి. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను నవీకరించండి. ప్రతి మార్పు తరువాత అంకెలను పోల్చండి. అన్నీ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

మెమరీని శుభ్రం చేస్తామనే ప్రోగ్రామ్‌ల జోలికి పోకండి. అవి బల్ల మీది పుస్తకాలను బలవంతంగా బీరువాలో పెట్టిస్తాయి. మరుక్షణమే కంప్యూటర్ వాటిని మళ్లీ తెచ్చుకోవలసి వస్తుంది.

ఏ వీడియో లేకుండానే మెమరీ దాదాపు నిండి ఉంటే, కంప్యూటర్ ప్రారంభం కాగానే వాటంతటవే తెరుచుకునే ప్రోగ్రామ్‌లను టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ విభాగంలో ఆపండి. అప్పటికీ చాలకపోతే అదనపు ర్యామ్ వేయించండి. ముందుగా ఖాళీ స్లాట్ ఉన్నదీ లేనిదీ, మీది డీడీఆర్3నా, డీడీఆర్4నా తెలుసుకోండి. ఒకదాని స్థానంలో మరొకటి అమరదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించబడి ఉంటుంది, మార్చడానికి వీలుండదు.

దుకాణానికి వెళ్లేటప్పుడు అంకెలు వ్రాసుకున్న కాగితాన్ని వెంట తీసుకువెళ్లండి. అది చేతిలో ఉంటే అవసరం లేని వస్తువును మీకు అంటగట్టడం అంత సులభం కాదు.