ఆల్చిప్ప కణాల్లో సముద్రం లెక్క

జహీరాబాద్ దగ్గరి మొగుడంపల్లి వాళ్లకు సముద్రం దూరమే కానీ, వాగులకు కాదు. అక్కడి నారింజ వాగు కర్ణాటక మీదుగా మంజీరలో కలుస్తుంది. పటాన్‌చెరు పరిశ్రమల మురుగు మోసిన నక్కవాగు కూడా మంజీరకే చేరుతుంది. కందకుర్తి దగ్గర మంజీర గోదావరిలో కలిశాక అంతా బంగాళాఖాతం దారి పడుతుంది.

అక్కడికి చేరిన విషాన్ని పట్టుకోవడం ఎలా? సీసాలో నీళ్లు పట్టి పరీక్షిస్తే ఆ గంట సంగతే తెలుస్తుంది. రాత్రిపూట వదిలిన వ్యర్థాలు తెల్లారేసరికి అలల్లో కలిసిపోతాయి. ఆల్చిప్ప మాత్రం కదలకుండా ఉన్నచోటే ఉండి, గంటకు లీటరుకు పైగా నీటిని మొప్పల గుండా వడగట్టి తిండి ఏరుకుంటుంది. తిండితోపాటు కాడ్మియం, సీసం, చమురు అవశేషాలూ ఒంట్లో చేరతాయి. చమురు విషాలను చేప కాలేయం త్వరగానే విరిచేస్తుంది. ఆల్చిప్పకు అంత శక్తి లేదు. మనకు పనికొచ్చేది ఆ అశక్తతే. 1975లో ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త ప్రపంచమంతటా ఆల్చిప్పలతో సముద్రాలపై నిఘా పెట్టాలన్నాడు. 1986 నుంచి అమెరికా తీరమంతటా ఆ పని సాగింది.

మన దగ్గర ఈ పరీక్షకు సరైన చోటు విశాఖ రేవు. 1933లో తెరిచిన లోపలి రేవుకూ సముద్రానికీ మధ్య దారి ఇరుకు. అందువల్ల పాత నీరు తొందరగా బయటికి పోదు. చుట్టూ చమురు శుద్ధి, ఎరువుల కర్మాగారాలు, పైగా ఊరి మురుగు. అక్కడి రాళ్లకూ స్తంభాలకూ పచ్చ ఆల్చిప్పలు అంటుకుని పెరుగుతాయి.

ఒంట్లో విషం ఎంతుందో తెలిస్తే సరిపోదు, అది చేసిన చెరుపు కూడా తెలియాలి. అందుకు కామెట్ పరీక్ష ఉంది. నరేంద్ర సింగ్ బృందం 1988లో దీన్ని ఇప్పటి వాడుక రూపానికి తెచ్చింది. ఆల్చిప్ప రక్తకణాలను జెల్‌లో పరిచి, పొరలు కరిగించి, విద్యుత్తు పంపిస్తారు. చెక్కుచెదరని డీఎన్ఏ ముద్దలా ఉండిపోతుంది, తెగిన ముక్కలు ముందుకు జారి తోకచుక్కలా కనిపిస్తాయి. తోక ఎంత పెద్దదైతే నష్టం అంత ఎక్కువ. ఆల్చిప్పలు చచ్చి తేలేలోపే ఈ కబురు అందుతుంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు సముద్రపు నత్తల మీద ఇలాంటి పరీక్షలే చేశారు.

అయితే తోక కనిపించగానే ఫ్యాక్టరీని నిందించకూడదు. ఎండవేడికీ, గుడ్లు పెట్టే కాలంలోనూ డీఎన్ఏ తెగవచ్చు. అందుకే శుభ్రమైన చోట పెరిగిన ఆల్చిప్పలను వల బుట్టల్లో పెట్టి, కాలుష్యం ఉన్న చోటా లేని చోటా ఒకే రోజున దించుతారు.

ఈ పద్ధతికి ఉప్పునీరే అక్కర్లేదు. మన చెరువుల్లోని లామెల్లిడెన్స్ అనే మంచినీటి ఆల్చిప్పలు చాలు. నక్కవాగు మంజీరలో కలిసే చోటుకు ఎగువన ఒక బుట్ట, దిగువన మరొకటి దించి, నెల తర్వాత రెండింటి తోకలూ కొలవవచ్చు.