తొలి వసూలు... కాలిపోయిన ఊరికి!

*మూతపడుతున్న బడిని కాపాడుకోవడానికి పాటను నమ్ముకుని బయల్దేరారు తొమ్మిదిమంది విద్యార్థులు. ఒంటి మీద చలికి ఆగే బట్టల్లేవు, చేతిలో డబ్బుల్లేవు. మొట్టమొదట చేతికొచ్చిన కాస్త సొమ్మునూ వాళ్లు ఎవరికిచ్చారో తెలుసా?*

1871 అక్టోబరు 6, శుక్రవారం.

అమెరికా దక్షిణాదిన ఉన్న నాష్‌విల్ పట్టణం. ఐదుగురు అమ్మాయిలు, నలుగురు అబ్బాయిలు రైలెక్కారు. అందరిలోకీ చిన్నదైన మిన్నీ టేట్‌కి పద్నాలుగేళ్లు. వెళ్లేది ఉత్తరాదికి, రాబోయేది చలికాలం. అయినా ఒక్కరికీ సరైన కోటు లేదు. వెంట వస్తున్న జార్జ్ వైట్ మాస్టారి జేబులో ఉన్నది మూడు రకాల డబ్బు. తన సొంతం కొంత, అప్పు తెచ్చింది కొంత, బడి ఖజానాలో మిగిలింది కొంత.

వాళ్లెవరూ వృత్తి గాయకులు కాదు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు. పాఠాలయ్యాక మాస్టారి దగ్గర కూర్చుని పాడుకునేవాళ్లు, అంతే. ఆ పాటలతో ఊరూరా కచేరీలు చేసి, పోగైన డబ్బుతో తమ బడిని నిలబెట్టుకోవాలి... ఇదీ వాళ్ల ఆశ. తల్లిదండ్రులు భయపడ్డారు. బడి నడుపుతున్న మిషనరీ సంఘం కూడా 'ఇది అయ్యే పని కాదు' అన్నట్టే మొహం తిప్పేసుకుంది. అయినా రైలు కదిలింది!

సంకెళ్లు అమ్మి పుస్తకాలు

ఆ బడి పేరు ఫిస్క్. అమెరికా అంతర్యుద్ధం ముగిసి, బానిసలకు విముక్తి వచ్చిన కొద్ది నెలలకే 1866 జనవరిలో మొదలైంది. అంతకుముందు దక్షిణాది రాష్ట్రాలు చాలావాటిలో బానిసలకు అక్షరం నేర్పడమే నేరం. అందుకే తలుపు తెరవగానే జనం విరుచుకుపడ్డారు. ఏడేళ్ల పిల్లల దగ్గర్నుంచి డెబ్భై ఏళ్ల ముసలివాళ్ల దాకా ఒకే చోట ఓనమాలు దిద్దారు.

భవనాలంటారా... సైనికుల కోసం కట్టిన పాత ఆసుపత్రి షెడ్లు. మరి పుస్తకాలు? ఊళ్లో ఒకప్పుడు బానిసల్ని అమ్మకానికి కట్టేసి ఉంచిన చోట తుప్పుపట్టిన సంకెళ్లు, బేడీలు పడి ఉండేవి. వాటిని పోగుచేసి పాత ఇనుప సామాను కింద అమ్మేశారు. వచ్చిన డబ్బుతో అక్షరాల పుస్తకాలు కొన్నారు. చేతులకు వేసిన బేడీలే చేతిలో పుస్తకాలయ్యాయన్నమాట!

కానీ ఎంతకాలం నెట్టుకొస్తారు? ఐదేళ్లు తిరిగేసరికి చెక్క గోడలు పుచ్చిపోయాయి. అప్పులు పెరిగాయి. బడి మూసేయడం ఒక్కటే మిగిలిందనుకుంటున్న సమయంలో కోశాధికారి జార్జ్ వైట్‌కి ఒక ఆలోచన వచ్చింది. లెక్కలు చూసే ఆయనే పిల్లలకు పాటలు కూడా నేర్పేవాడు. 'ఖజానాలో లేనిది పిల్లల గొంతులో ఉంది కదా' అనుకున్నాడు.

ఆరు డాలర్ల అమ్మాయి

ఆ తొమ్మిదిమందిలో చాలామంది బానిసలుగా పుట్టినవాళ్లే. బృందానికి పియానో వాయించే ఎల్లా షెపర్డ్ కథ వింటే కడుపు తరుక్కుపోతుంది. ఆమెకప్పుడు ఇరవై ఏళ్లు. ఎల్లా పసిపిల్లగా ఉన్నప్పుడు, బిడ్డకూ తన బతుకే రాసిపెట్టి ఉందన్న బెంగతో తల్లి ఆమెను ఎత్తుకుని నదిలో దూకబోయింది. ఒక ముసలామె అడ్డుపడి ఆపిందట. తర్వాత తండ్రి 350 డాలర్లు చెల్లించి కూతురికి స్వేచ్ఛ కొనిచ్చాడు. తల్లికి మాత్రం విముక్తి దొరకలేదు. ఆమెను దూరంగా మిసిసిపీకి తీసుకెళ్లిపోయారు.

తండ్రితో కలిసి సిన్సినాటీ చేరిన ఎల్లాకు సంగీతమంటే ప్రాణం. నేర్పడానికి ఒక తెల్ల గురువు ఒప్పుకున్నాడు, కొన్ని షరతులతో. విషయం ఎవరికీ చెప్పకూడదు. రాత్రిపూటే రావాలి. అదీ పెరటి గుమ్మం నుంచి! అలా పన్నెండు పాఠాలు నేర్చుకుందామె. తండ్రి పోయాక చిన్నాచితకా పనులు చేసుకుని, కూడబెట్టిన ఆరంటే ఆరు డాలర్లతో ఫిస్క్‌కి వచ్చింది. ఆ డబ్బు మూడు వారాల చదువుకు సరిపోతుందంతే. ఆ తర్వాత పనిచేస్తూ, పాఠాలు చెబుతూ అక్కడే నిలదొక్కుకుంది.

ఆ శని, ఆదివారాలు

బృందం మొదట చేరుకున్నది ఆ సిన్సినాటీకే. ఒకప్పుడు దొడ్డిదారిన సంగీతం నేర్చుకున్న ఊరికి ఎల్లా ఇప్పుడు గాయక బృందంతో వచ్చింది. అక్టోబరు 8 ఆదివారం నాడు అక్కడి చర్చిల్లో పాడారు. జనం మెచ్చుకున్నారు.

అదే రాత్రి, అక్కడికి దాదాపు నాలుగైదు వందల కిలోమీటర్ల దూరంలో షికాగో నగరం అంటుకుంది. చెక్క ఇళ్లు, వానల్లేని ఎండు వాతావరణం, ఆపైన గాలి... మంటలు మంగళవారం దాకా ఆరలేదు. పదిహేడు వేలకు పైగా భవనాలు బూడిదయ్యాయి. సుమారు 300 మంది చనిపోయారు. దాదాపు లక్షమందికి నిలువ నీడ లేకుండా పోయింది. దేశమంతా ఆ వార్తే.

ఇక్కడ మన బృందం పరిస్థితి చూద్దాం. మెచ్చుకోళ్లయితే వస్తున్నాయి కానీ వాటితో రైలు టిక్కెట్లు రావు కదా! పైగా వెళ్లిన చోటల్లా అవమానాలు. ఆ రోజుల్లో తెల్లవాళ్లు మొహానికి నల్లరంగు పూసుకుని, నల్లవాళ్లను వెక్కిరిస్తూ ఆడిపాడే ప్రదర్శనలకు మహా గిరాకీ. వీళ్లనూ అలాంటి వినోదమే అనుకుని వచ్చేవారు కొందరు. ఒహాయో రాష్ట్రంలోని చిల్లికాతీ పట్టణంలో నల్లవాళ్లన్న కారణంతో రెండు హోటళ్లు గది ఇవ్వమన్నాయి. మూడో హోటల్ యజమాని కాస్త దయగలవాడు. తన సొంత గదిని వాళ్లకు వదిలిపెట్టాడు. భోజనం మాత్రం మిగతా అతిథులు రాకముందే ముగించుకోవాలన్నాడు. దయకీ భయం తప్పలేదు!

అలాంటి రోజుల్లోనే, ఆ ఒహాయోలోనే, టిక్కెట్టు పెట్టి చేసిన తొలి కచేరీలో కాస్త డబ్బు చేతికొచ్చింది. అటూ ఇటుగా యాభై డాలర్లు.

ఆ యాభైతో ఏమేం చేయొచ్చు? చలికి బట్టలు కొనుక్కోవచ్చు. దారి ఖర్చులకు దాచుకోవచ్చు. బడి అప్పులో ఒక పిసరు తీర్చొచ్చు. వాళ్లు ఇవేవీ చేయలేదు. మొత్తం డబ్బును షికాగో బాధితుల సహాయ నిధికి ఇచ్చేశారు!

ఇల్లూ వాకిలీ లేకపోవడమంటే ఏమిటో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. తల్లి నుంచి బిడ్డను వేరుచేసి అమ్మేసిన సంతల్లోంచి వచ్చినవాళ్లు మరి. జోలె పట్టుకుని బయల్దేరిన పిల్లలు, ఆ జోలెలో పడిన తొలి గింజల్ని తమకంటే ఆకలిగా ఉన్నవారికి పెట్టేశారు.

తలుపులు మూసి పాడుకున్న పాట

దానం చేశారు కాబట్టి మర్నాటి నుంచీ కష్టాలు తీరిపోయాయనుకుంటే పొరపాటు. కొలంబస్ పట్టణం చేరేసరికి అందరూ డీలా పడిపోయారు. డబ్బుల్లేవు. వెనక్కి వెళ్లిపోదామా అన్న మాట కూడా వచ్చింది. ఓ రాత్రంతా ప్రార్థనలో గడిపిన వైట్ మాస్టారు, పొద్దున్నే పిల్లల్ని పిలిచి ఇకపై మీ పేరు 'జూబిలీ సింగర్స్' అన్నాడు. బైబిల్లో లేవీయకాండం 25వ అధ్యాయంలో యాభయ్యో సంవత్సరం ప్రస్తావన ఉంటుంది. బానిసలందరికీ విడుదల కలిగే ఏడాది అది. ఈ పిల్లలకు అంతకంటే తగిన పేరేముంది?

పేరు మారింది. పాటా మారింది. అసలు మలుపు అక్కడే ఉంది.

అప్పటిదాకా కచేరీల్లో ఎక్కువగా పాడింది తెల్లవాళ్ల పాటలే, ఊళ్లలో అందరికీ తెలిసినవి. కానీ వాళ్ల దగ్గర వేరే పాటలున్నాయి. తాతముత్తాతలు పత్తి చేలలో, చీకటి గుడిసెల్లో పాడుకున్న భక్తి గీతాలు. వాటినే 'స్పిరిచ్యువల్స్' అంటారు. ఎవరు రాశారో తెలీదు, ఎవరు బాణీ కట్టారో తెలీదు. అవి తమ పెద్దల కన్నీళ్లతో ముడిపడిన పవిత్రమైన పాటలనీ, వేదికమీద పాడతామని కలలో కూడా అనుకోలేదనీ ఎల్లా తర్వాత రాసింది. వైట్ ఇంట్లో తలుపులు మూసుకుని, గొంతు తగ్గించి పాడుకునేవారట.

ఆ ఏడాది నవంబరులో ఓబర్లిన్ పట్టణంలో చర్చి పెద్దల జాతీయ సమావేశం జరిగింది. జూబిలీ సింగర్స్‌కి అక్కడ పాడే అవకాశం దొరికింది. 'స్టీల్ అవే' అనే స్పిరిచ్యువల్‌ను మెల్లగా, దాదాపు గుసగుసలా అందుకున్నారు. ఎవరి మాటల్లో వాళ్లున్న జనం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. చాలామంది కళ్లు చెమర్చాయి. అక్కడి నుంచే న్యూయార్క్ దారి తెరుచుకుంది. బ్రూక్లిన్‌లో పేరుమోసిన మతబోధకుడు హెన్రీ వార్డ్ బీచర్ తన చర్చిలో వాళ్లచేత పాడించాడు.

దాచుకున్న పాటే దారి చూపించింది!

పాటలతో కట్టిన భవనం

1872లో జూబిలీ సింగర్స్ నాష్‌విల్‌కి తిరిగొచ్చేసరికి వాళ్లు సంపాదించింది 20,000 డాలర్లు. ఆ డబ్బుతో బడి అప్పులు తీరాయి, కొత్త ప్రాంగణానికి స్థలమూ వచ్చింది. 1873లో ఇంగ్లండు వెళ్లి విక్టోరియా రాణి ఎదుట పాడారు. బృందంలో కొందరు మారారు, కొందరు జబ్బుపడ్డారు, అయినా ఏడేళ్ల పాటు పాట ఆగలేదు. మొత్తం మీద బడికి చేరిన సొమ్ము లక్షా యాభై వేల డాలర్లు. అందులోంచే 'జూబిలీ హాల్' లేచింది. 1876 జనవరి 1న దాన్ని ప్రారంభించారు. అది ఇప్పటికీ నిలిచి ఉంది. ఇంగ్లండులో గీసిన ఆ గాయకుల నిలువెత్తు చిత్రం ఆ భవనంలోనే ఉంది. ఫిస్క్‌లో చదివిన మహా రచయిత డబ్ల్యూ.ఈ.బీ. డుబాయిస్‌కి ఆ హాలు ఇటుకలతో కాదు, పాటలతోనే కట్టినట్టు కనిపించేదట.

ఎల్లా సంగతి చెప్పలేదు కదూ! యుద్ధం తర్వాత ఆమె తన తల్లి ఆచూకీ తెలుసుకుంది. పాటతో సంపాదించిన డబ్బుతో నాష్‌విల్‌లో ఇల్లు కట్టి, తల్లిని మిసిసిపీ నుంచి తెచ్చుకుని తన దగ్గరే ఉంచుకుంది. ఏ బిడ్డను ఎత్తుకుని నదిలో దూకబోయిందో, ఆ తల్లి చివరికి ఆ బిడ్డ నీడనే చేరింది.

ఈ పాటలు మన దేశానికీ వచ్చాయి. బృందంలో తర్వాత చేరిన ఫ్రెడరిక్ లౌడిన్ 1884లో కొత్త జట్టుతో ప్రపంచ యాత్రకు బయల్దేరి, ఆరేళ్ల ప్రయాణంలో భారతదేశంలోనూ పాడించాడు. 1936లో బార్డోలీలో గాంధీజీని కలిసిన నల్లజాతి మతాచార్యుడు హోవర్డ్ థర్మన్ దంపతులను ఆయన స్వయంగా అడిగి ఒక స్పిరిచ్యువల్ పాడించుకున్నారు. బానిసల గుడిసెల్లో పుట్టిన పాట స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న దేశంలో పరాయిది ఎలా అవుతుంది?

ఫిస్క్ జూబిలీ సింగర్స్ బృందం ఇప్పటికీ ఉంది. ఇప్పటికీ అందులో పాడేది విద్యార్థులే. 2021లో వాళ్ల ఆల్బమ్‌కి గ్రామీ అవార్డు వచ్చింది. అయితే వాళ్లకు అసలు పండగ ఏటా అక్టోబరు 6. తొమ్మిదిమంది రైలెక్కిన ఆ రోజును 'జూబిలీ డే'గా జరుపుకుంటారు. ఆ రోజు ఇప్పటి పిల్లలు నాష్‌విల్‌లో ఉన్న తొలి గాయకుల సమాధుల దగ్గరికి వెళ్తారు. చుట్టూ నిలబడి పాడతారు.

ఇప్పుడు గొంతు తగ్గించి పాడాల్సిన పని లేదు. మూసుకోవడానికి అక్కడ తలుపులూ లేవు.